నిన్న ఏం తిన్నావు

నాకు ముక్కు మీదే కోపం. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీరు నా దగ్గర శాంతం ఆశించరు. పదహారేళ్ళుగా ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేస్తున్నాను. రోజూ మూడువందల మంది నా చేతి వంట తింటారు. ఉప్పు తగ్గిందని ఇంతవరకూ ఒక్కడు కూడా నా ఎదురుగా అనలేదు. నా వంట అంత గొప్పదనో, గరిటె నా చేతిలో ఉంటుందనో, మీరే అనుకోండి.

నాకు ఒక్కతే కూతురు, పదమూడేళ్ళది. లేచిన దగ్గర్నుంచీ కిచకిచమంటూ ఉంటుందని వాళ్ళ నాన్న పిచ్చుక అని పేరు పెట్టాడు. బళ్ళో తప్ప అందరికీ ఆ పేరే అలవాటైంది. ఒకరోజు పొద్దున దానికి జడ వేస్తుంటే కుడి చెవి వెనక కోటు గుండీ అంత మేర వెంట్రుకన్నది లేదు. నున్నగా, గోరులా మెరుస్తోంది. నెల తిరిగేసరికి అలాంటివి ఇంకో రెండు వచ్చాయి.

ఉచిత సలహాలకు కొదవేముంది! పాలు మాన్పించమంది గిన్నెలు తోమే ఆవిడ. చక్కెరే విషమన్నాడు స్టోరు గుమాస్తా. ఫోన్ చూస్తూ పడుకోకపోతే రాలదా మరి, అంది కూరలు తరిగే అమ్మాయి, ఫోన్ చూసుకుంటూనే. ఫోన్లోనే నేనూ జుట్టు రాలడం మీద నలభై వీడియోలు చూశాను. డాక్టరు దగ్గరికి వెళదామని మా ఆయన అంటే, "వాళ్ళు ఏదో పూతమందు రాసిస్తారు, అసలు కారణం ఎవరు వెతుకుతారు?" అన్నాను.

కారణం వెతకడం నాకు తెలుసు మరి. కూర చెడితే ఏం చేస్తాను? ఏ సరుకు వల్ల చెడిందో వాసన చూసి పట్టుకుని, దాన్ని తీసి పారేస్తాను. కూతుర్నీ అలాగే చూశాను. తప్పంతా తిండిలో ఉంది, ఏ తిండో తేలితే చాలు, అని గట్టిగా నమ్మాను.

ఇక రోజూ పొద్దున్నే అదే వరస. పిల్లని నా కాళ్ళ మధ్య కింద కూర్చోబెట్టుకుని దువ్వేదాన్ని. దువ్వెనకి వచ్చిన వెంట్రుకలు దాని కళ్ళ ముందు పెట్టి అడిగేదాన్ని.

"నిన్న ఏం తిన్నావు?"

"నువ్వు పెట్టిందే."

"మరి ఇవెందుకు ఊడాయి? బాగా గుర్తు చేసుకో."

"ఏమీ తినలేదమ్మా."

"అబద్ధాలాడకు. చెప్పేదాకా లేవనివ్వను."

అలా కాసేపు గింజుకుని, చివరికి తలొంచుకుని చెప్పేది. బళ్ళో నా పక్కన కూర్చునే అమ్మాయి చాక్లెట్ ఇచ్చింది, అని. దొరికిందిరా దొంగ అనుకుని జడ వేసి బడికి పంపేదాన్ని. ఆ రోజు నుంచి తీపి బంద్. తర్వాత వారం, ఎవరి డబ్బాలోనో జున్ను ముక్క తిన్నానంది. పాలూ పెరుగూ సహా బంద్. ఆ తర్వాత వేరుశనగలు, చేపలు, గుడ్లు. ఒక్కొక్కటీ బయటపడుతున్న కొద్దీ నాకు కోపంతో పాటు ఏదో తృప్తి కూడా కలిగేది. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆరు నెలలకి దాని కంచంలో మిగిలినవి పల్చటి గంజి, ఉడికించిన సొరకాయ, రెండు పళ్ళ ముక్కలు. రోజుకి రెండు కూజాల నీళ్ళు. ఎనిమిదింటికల్లా పడక. ఫోన్ బీరువాలో, బీరువా తాళం నా నడుముకి.

"ఇదేం తిండే? జైల్లో కూడా ఇంతకంటే బాగా పెడతారు," అన్నాడు మా ఆయన. ఆయన బస్సు డ్రైవరు, ఇంట్లో మాత్రం నేనెటు తిప్పితే అటు తిరుగుతాడు.

"మీరు మాట్లాడకండి. బట్టతల మీ వంశంలోదే," అన్నాను. పాపం, తన నున్నటి నెత్తి ఒకసారి తడుముకుని ఊరుకున్నాడు.

మా చెల్లి ఒక్కతే నాకు ఎదురు చెప్పేది. బట్టల కొట్లో పని చేస్తుంది. వేపుడు లేనిదే ముద్ద దిగదు, వేళకి నిద్రపోయిన పాపాన పోలేదు. జుట్టు మాత్రం నడుము దాటి ఉంటుంది. "అక్కా, తిండి వల్లే అయితే ఈపాటికి నాకు గుండు అయ్యుండాలి కదా!" అంది ఒకసారి. "జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుంది. నీకేం తెలుస్తుందే నా బాధ?" అని కసిరాను. పిల్లని నాలుగు రోజులు తన దగ్గర ఉంచమంది. ఉంచితే ఏం పెడుతుందో నాకు తెలియదా! పంపలేదు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

ఇంతలో మచ్చలు ఉన్నచోట ఉండగానే, తలంతా రాలడం మొదలైంది. దువ్వెన పెడితే పిడికెడు చేతికి వచ్చేది. మోచేతుల దగ్గర చర్మం పొడిబారి పొట్టు లేచింది. పెదవుల చివర్లు పగిలాయి. పిచ్చుక మాట్లాడ్డం తగ్గించింది, బుద్ధి వచ్చిందనుకున్నాను. ఇంకా ఎక్కడో దొంగతిండి తింటోందని సొరకాయలో ఉప్పు కూడా తగ్గించాను.

ఒకరోజు బడి మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో చేర్చారు.

రక్తపరీక్షల కాగితాలు చూసి, చర్మం డాక్టరమ్మ మమ్మల్ని మంచం పక్కనే నిలబెట్టి మాట్లాడింది. పెద్దావిడ, గొంతు పెంచకుండా చెప్పింది.

"తిండి వల్ల జుట్టు రాలుతుందా అంటే రాలుతుందమ్మా. సరిపడా తినకపోతే రాలుతుంది, చర్మం ఎండుతుంది. నిద్ర లేకపోయినా, దిగులు ఎక్కువైనా రాలొచ్చు. ఇప్పుడు తలంతా రాలుతోంది చూడండి, అది తిండి లేకే. ఒంట్లో రక్తం లేదు. కానీ మొదట వచ్చిన గుండ్రటి మచ్చలు వేరు. రోగాల మీద పోరాడాల్సిన శక్తి దారి తప్పి వెంట్రుకల కుదుళ్ళ మీద పడింది. దానికి పాలూ కారణం కాదు, గుడ్లూ కారణం కాదు. ఎవరి తప్పూ లేదు."

"కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నమాట," అన్నాడు మా ఆయన మెల్లగా.

"మచ్చల్లో జుట్టు మళ్ళీ వస్తుందా అండీ?" అని డాక్టరమ్మని అడిగాను.

"కొందరికి వస్తుంది. ఇన్ని వచ్చాయి, చాలా నెలలైంది. మందులు వాడదాం. మాట మాత్రం ఇవ్వలేను."

అయినా నా నోరు ఊరుకోలేదు. "అది కాదండీ, ఇది చాటుగా అన్నీ తినేది. చాక్లెట్లు, జున్ను, గుడ్లు..."

గోడ వైపు తిరిగి పడుకున్న పిచ్చుక అటే చూస్తూ అంది. "నేనేమీ తినలేదు."

"తిన్నానని నువ్వే చెప్పావు కదే!"

"ఏదో ఒకటి చెప్పేదాకా నువ్వు వదలవు కదా. బడి బస్సు వెళ్ళిపోయేది."

"అన్నీ అబద్ధాలేనా?"

"చాక్లెట్ ఒకటీ నిజం. తర్వాత నాకు ఇష్టం లేనివి చెప్పాను. అవన్నీ అయిపోయాయి. అందుకని ఇష్టమైనవి చెప్పాల్సి వచ్చింది."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నిలబడింది. నాకు ఆ మంచం కింద దూరిపోవాలనిపించింది. పిల్లకి గుడ్డంటే ప్రాణం.

ఆ సాయంత్రం నేనే గుడ్డు ఒలిచి ముక్కలు చేసి నోటి దగ్గర పెట్టాను. ముక్క నోట్లో పెట్టుకుని నా ముఖంలోకి చూసింది. నమల్లేదు. నేను నవ్వాను, తిను తల్లీ అన్నాను. ఇంకా అలాగే చూస్తోంది. చివరికి దవడలో అలాగే ఉంచుకుని నిద్రపోయింది. మర్నాడూ అంతే. మూడో రోజు నర్సు నా భుజం మీద చెయ్యేసి, "మీరు కాసేపు బయట కూర్చోండమ్మా," అంది. వరండాలో బల్ల మీద కూర్చున్నాను. లోపల చెంచా గిన్నెకి తగులుతున్న చప్పుడు వినిపించింది. పావుగంటలో నర్సు ఖాళీ గిన్నెతో బయటికి వచ్చింది.

ఇంటికి పంపేటప్పుడు పిచ్చుక పిన్ని దగ్గరికి వెళతానంది. నేను కాదనలేదు. తిండి పడకపోతే మళ్ళీ పడిపోతుందని, ఈసారి ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ చెప్పి ఉంది.

మా చెల్లికి వంట రాదు. అన్నం వండితే జావ, కూర వండితే బొగ్గు. ఈ పిల్లకి ఏం బలం పడుతుంది అని రెండు రోజులు కొట్టుకుపోయాను. మూడో రోజు నుంచి క్యాంటీన్‌కి వెళ్ళే ముందు నేనే వండి క్యారియర్ సర్దాను. మా ఆయన బస్సు వాళ్ళ వీధి మీదుగానే వెళుతుంది. నేను పంపానని చెప్పొద్దని, గిన్నెలు మార్చి పెట్టమని చెల్లితో ఒట్టు వేయించుకున్నాను.

పదకొండు రోజులు సాగింది. "ఇవాళ గుడ్డు మొత్తం తిందక్కా," అని చెల్లి ఫోన్ చేస్తే, క్యాంటీన్‌లో అందరికీ ఒక గరిటె ఎక్కువ వడ్డించాను. జుట్టు పోతే పోయింది, పిల్ల దక్కుతుంది అనుకున్నాను.

క్యారియర్ మొదలుపెట్టిన పదమూడో రోజు మధ్యాహ్నం, వడ్డన మధ్యలో ఉండగా చెల్లి ఫోన్ చేసింది.

"అక్కా, ఇక పంపకు."

"ఏమే, చెడిపోయిందా?"

"లేదు, బాగుంది. నిన్న రెండో ముద్ద పెట్టుకుని ఆగింది. ఇది అమ్మ వంట కదూ, అంది. కాదన్నాను. ఎన్ని రోజుల నుంచి, అని అడిగింది. నేనేం చెప్పను? నా వంట సంగతి దానికి తెలియదా? చెయ్యి కడుక్కుని లేచిపోయింది. ఇవాళ నేను వండాను, నిజంగా నేనే. దాని కళ్ళ ముందే వండాను. అయినా ముట్టలేదు. ఇప్పుడు నన్నూ నమ్మడం లేదక్కా."

కౌంటర్ అవతల ఎవరో పళ్ళెంతో టకటక కొడుతున్నారు.

"నిన్నటి నుంచీ మంచినీళ్ళే. డాక్టరుకి చెప్పాను, తీసుకురమ్మంటోంది. బట్టలు వేసుకోమంటే నిలబడలేకపోతోంది," అంది చెల్లి. "అక్కా, వెళ్ళేలోపల దానికి ఏం పెట్టను?"

"నాకు తెలియదే," అన్నాను.