ఎత్తిందా లేదా

జూన్ ఇరవై రెండో తారీఖు పొద్దున ఆ ఇంట్లో తండ్రి తిన్నది రొట్టె, రెండు ఉడికించిన గుడ్లు. కూతురు తిన్నది ఏమీ లేదు. బరువులెత్తే పోటీలో ఎత్తేవాళ్ళ బరువు ముందుగా తూస్తారు. అది గీత దాటకూడదంటే రాత్రి నుంచే నోరు కట్టుకోవాలి. ఎదురుగా కూర్చుని పిల్ల నీళ్ళు పుక్కిలించి ఉమ్మేస్తుంటే ఆయన తల దించుకుని గబగబా నమిలాడు.

"అటు తిరిగి తిను నాన్నా. నువ్వు నములుతుంటే నా బరువు పెరిగేట్టుంది."

"వచ్చేసారి నేనూ నీతోపాటు పస్తుంటాలే."

"వచ్చేసారి ఎక్కడిది? వచ్చే నెల ఉద్యోగంలో చేరితే ఇక ఇంతే. ఆఖరిసారైనా చూస్తావనుకున్నా."

"డ్యూటీ ఉందమ్మా. క్రికెట్టు."

"ఎప్పుడు లేదులే," అంది కూతురు. అందులో కోపం లేదు. అదే ఆయనకు గుచ్చుకుంది.

ఆయన ఆటల ఛానెల్లో స్విచ్చర్ దగ్గర పనిచేస్తాడు. ఎదురుగా కెమెరాల బొమ్మలన్నీ వరసగా కనిపిస్తుంటాయి. ప్రొడ్యూసర్ ఏది అంటే దాని బటన్ నొక్కాలి. ఆయన నొక్కిందే దేశం చూస్తుంది. అందుకే అందరూ బటన్ మాస్టారంటారు. ప్రొడ్యూసర్ మాట ఆయన చెవిలోంచి తిన్నగా వేలికి పోతుంది, మధ్యలో ఆయన్ని సంప్రదించదు. ఆయనకు మంచి పేరు రావడానికి కారణం అదే.

క్రికెట్టుకి ఆ ఛానెల్ ముప్పై కెమెరాలు పెట్టేది. బ్యాట్స్‌మన్ గోరు కొరుక్కుంటే మూడు వైపుల నుంచి కనిపించేది. మిగతా ఆటలన్నిటికీ కలిపి ఒకే ఒక్క కెమెరా. ఆ కెమెరా తీసుకొచ్చినదాన్ని తెల్లవారుజామున, కోళ్ళు కూడా నిద్రలో ఉండగా, వేసేవారు. "మన జనానికి ఇంకో ఆట ఎక్కదండీ," అనేవాడు ప్రొడ్యూసర్. ఇంకో ఆట వాళ్ళకు వడ్డించింది ఎప్పుడో మాత్రం అతనికి గుర్తుండేది కాదు.

ఆ మధ్యాహ్నం మైదానంలో వాన పట్టుకుంది. ప్రొడ్యూసర్ కాసేపు వాననే చూపించాడు. తర్వాత పిచ్ మీద కప్పిన పట్టా చూపించాడు. తర్వాత ఆవలిస్తున్న ఆటగాణ్ణి, మళ్ళీ పట్టాని చూపించాడు.

"ఇంకేముందయ్యా మన దగ్గర?"

"బరువులున్నాయి సార్," అన్నాడు బటన్ మాస్టారు. ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. "ఆడపిల్లల పోటీ. ఇప్పుడే జరుగుతోంది."

"వాన తగ్గేదాకా వెయ్యి, ఏం చేస్తాం."

వేశారు. వ్యాఖ్యాత పుట్టి బుద్ధెరిగి క్రికెట్టు తప్ప మాట్లాడినవాడు కాదు. "ఈ పిచ్ మీద ఇంత బరువు ఎత్తడం సామాన్యం కాదు," అన్నాడు. ఒకమ్మాయి ఇనుప కడ్డీని జారవిడిస్తే, "అయ్యో, క్యాచ్ వదిలేసింది," అని బాధపడ్డాడు. తెర కింద అక్షరాలు వేసే అమ్మాయి పాత పట్టీ తీయడం మరిచిపోయింది. పైకప్పున్న హాల్లో, పొడినేల మీద బరువులెత్తుతున్న పిల్లల కాళ్ళ కింద 'వర్షం వల్ల ఆట నిలిచిపోయింది' అని మెరుస్తూనే ఉంది.

అయినా జనం ఛానెల్ మార్చలేదు. వ్యాఖ్యాత కూడా కుర్చీ అంచుకు జరిగాడు.

బటన్ మాస్టారి కూతురు ఆఖరి ప్రయత్నానికి వచ్చింది. ఎత్తితే మూడో స్థానం, లేకపోతే ఉత్త చేతులు. అరచేతులకు తెల్లపొడి రాసుకుంది. వంగి కడ్డీ పట్టుకుంది. అదే క్షణంలో పక్క తెర మీద ఒక మనిషి మైదానంలోకి వచ్చి, అరచెయ్యి చాచి చూసుకుని, గొడుగు మడవబోయాడు.

"గ్రౌండ్," అన్నాడు ప్రొడ్యూసర్.

"సార్, ఆ పిల్ల మా—"

వేలు అప్పటికే నొక్కేసింది.

ఒక మనిషి గొడుగు మడవడం దేశమంతా ఊపిరి బిగబట్టి చూసింది. ఆయన హాలు తాలూకు చిన్న తెర వైపు తిరిగాడు. అది ఉత్త నీలంగా ఉంది. కెమెరా మీద ఎర్రదీపం ఆరగానే అక్కడి కెమెరామన్ తన పని అయిపోయిందనుకుని, దాన్ని ఆపి ముసుగేసి, క్రికెట్టు మొదలైందేమో చూడ్డానికి వెళ్ళాడు. ఇంకెవరో తీస్తుంటారని అతను, అతను తీస్తుంటాడని స్టూడియో నిశ్చింతగా ఉన్నారు. ఆ పిల్ల వంగేదాకానే బొమ్మ ఉంది. లేచిందో లేదో ఎక్కడా లేదు.

ఫోన్లు మోగడం మొదలైంది. అక్షరాల అమ్మాయి తీసింది.

"ఆట కాసేపట్లో మొదలవుతుందండీ."

"ఆట సంగతి ఎవరడిగారమ్మా," అంది అవతల ఒక ముసలావిడ. "ఆ పిల్ల వంగింది కదా, ఎత్తిందా లేదా?"

అందరిదీ అదే ప్రశ్న. ప్రొడ్యూసర్ మాత్రం మోగుతున్న ఫోన్ల వైపు మురిపెంగా చూశాడు. "చూశారా, ఆట ఆగితే జనం ఎంత అల్లాడిపోతున్నారో."

కూతురికి ఫోన్ చెయ్యడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

ఆట ముగిసి సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాకిట్లో ఇరుగుపొరుగు గుమిగూడి ఉన్నారు.

"ఎత్తేసిందటన్నయ్యా, మూడో స్థానం," అన్నాడు పక్కింటి టైలర్. "మేం చూస్తుండగా సరిగ్గా అప్పుడే ఎవడో మార్చేశాడు. వాడి చెయ్యి పడిపోను."

"నేనే మార్చాను."

టైలర్ గొంతు సవరించుకున్నాడు.

లోపల కూతురు రెండు పూటల తిండీ ఒక్కసారే లాగిస్తోంది.

"చూళ్ళేదమ్మా," అన్నాడాయన, గుమ్మంలోనే నిలబడి. "నా చేత్తో నేనే..."

"టీవీలో రాలేదని హాల్లో చెప్పారు." ఆమె కంచంలో మిగిలిన ముద్ద తిని ముగించింది. తర్వాత చెయ్యి కడుక్కుని, మూలనున్న నేల తుడిచే కర్ర తీసింది. "కూర్చో. చూపిస్తా."

ఆయన కూర్చున్నాడు. గుమ్మం నిండా జనం మూగారు. ఆమె కాళ్ళు సర్దుకుంది, వంగింది, ఒక్క ఊపున కర్రను భుజాల మీదికి తెచ్చింది.

"హైలైట్స్ వేస్తున్నారు," అని ఎదురింట్లోంచి కేక వినిపించింది.

గుమ్మం పలచబడింది. టైలర్ ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టి ఊగిసలాడాడు. "అలాగే పట్టుకుని ఉండు తల్లీ, మొదటి ఓవర్ చూసి వచ్చేస్తాం."

"నువ్వు వెళ్ళవా?" అంది కూతురు, భుజాల మీద కర్రతో.

"వెళ్ళను."

ఆమె కర్రను పైకి విసిరినట్టు లేపి, ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ వేసి, రెండూ కలిపి నిటారుగా నిలబడింది. కర్రకు బరువేముంది, అయినా మెడ నరం ఉబ్బింది. చెవి పక్కన తెల్లపొడి ఇంకా అంటుకునే ఉంది. ఆయన దాన్నీ చూశాడు.

"ఎంతసేపమ్మా అలా?"

"రిఫరీ దించమనేదాకా దించకూడదు. ఇక్కడ నువ్వే రిఫరీ."

ఆయన వెంటనే అనలేదు. ఇంకాస్త చూసుకున్నాడు. చేతులు సన్నగా వణకడం మొదలయ్యాక, "దించు," అన్నాడు.

ఎదురింట్లో చప్పట్లు మార్మోగాయి. మధ్యాహ్నం కొట్టిన సిక్సరే మళ్ళీ కొట్టారు. కూతురు కర్ర గోడకానించి, అక్కడే నేల మీద నడుం వాల్చింది. ఆయన లేచి, గడియ చప్పుడు కాకుండా మెల్లగా తలుపు వేశాడు.