రోగి పాత్ర వేసేవాళ్ళ కుర్చీ

నేను ఒక పేము కుర్చీని. ఇప్పుడు నన్ను చూస్తే మీరు ముఖం తిప్పుకుంటారు. అడుగు పేము చినిగి వేలాడుతోంది, ఒక చెయ్యి ఊగిపోతోంది. విశాఖపట్నంలో ఒక మూడంతస్తుల భవనం మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన, ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ పడి ఉన్నాను. అయినా ఒకప్పుడు నా మీద కూర్చోవాలంటే బాగా చదువుకున్నవాళ్ళు కూడా జంకేవారు, మీరు ముందంటే మీరు ముందని ఒకరినొకరు తోసుకునేవారు. ఏ కుర్చీకి దక్కింది చెప్పండి ఆ మర్యాద?

నన్ను చేసినవాడు అనకాపల్లిలో దాలినాయుడు అనే వడ్రంగి. నా చేతులు మామూలు కుర్చీలకంటే కాస్త వెడల్పుగా పెట్టాడు. కూర్చున్న మనిషికి తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదని ఆయన సిద్ధాంతం. ఇన్నేళ్ళలో నేను మోసినవాళ్ళలో సగంమందికి ఆ ఇబ్బంది ఉంది, కాబట్టి ఆయనను తప్పుపట్టలేను.

మొదట నన్ను కొన్నది పైడిరాజు అనే ఫొటోగ్రాఫరు. ఆయన స్టూడియోలో నా మీద కూర్చున్నవాళ్ళంతా నవ్వడానికే వచ్చేవారు. మెట్ల మీద దెబ్బలాడుకుంటూ వచ్చిన మొగుడూ పెళ్ళాలు లైటు వెలగగానే పళ్ళికిలించేవారు. లైటు ఆరగానే దెబ్బలాట ఎక్కడ ఆపారో అక్కడినుంచి మొదలు. మనుషుల ముఖాన్ని నమ్మకూడదని నాకు అక్కడే అర్థమైంది. తర్వాత అందరి జేబుల్లోకీ కెమెరా వచ్చేసరికి స్టూడియో మూతపడింది, పైడిరాజు సామానంతా అమ్మేశాడు. అలా నేను ఈ భవనంలోని శిక్షణ కేంద్రానికి వచ్చాను.

ఇక్కడికి వచ్చేవాళ్ళందరూ మనసుకు వైద్యం చేసేవాళ్ళు. లైసెన్సు ఉన్న సైకాలజిస్టులు, కౌన్సెలర్లు. అంత చదివాక ఇంకా చదువేమిటంటారా? లైసెన్సు గడువు తీరేలోగా ఫలానా అన్ని తరగతులకు హాజరయ్యామని చూపించాలట, లేకపోతే అది మళ్ళీ చేతికి రాదట. అంచేత జుట్టు నెరిసినవాళ్ళు కూడా నీళ్ళ సీసా సంచీలో పెట్టుకుని బడిపిల్లల్లా వచ్చేవారు. నిద్ర పట్టని రోగులకు నిద్ర ఎలా పట్టించాలో చెప్పే పాఠం భోజనాల తర్వాత పెట్టేవారు. ఆ పాఠం అందరికీ భలే ఒంటబట్టేది.

నాకు అక్కడ రెండు పనులు. ఒకటి, వేషాల కుర్చీ పని. పాఠం అయ్యాక ఇద్దరిని ముందుకు పిలిచేవారు. ఒకరు కౌన్సెలరు, ఇంకొకరు రోగి. రోగి నా మీద కూర్చుని కల్పించుకున్న కష్టం చెప్పాలి, కౌన్సెలరు నేర్చుకున్న పద్ధతిలో వినాలి, మిగతావాళ్ళు మంచిచెడ్డలు చెప్పాలి. శిక్షకుడు ఫణిభూషణం గారు ఒక నియమం విషయంలో మాత్రం ఎవరినీ వదిలేవారు కాదు. వేషం ముగిశాక రోగి లేచి నిలబడి, దుమ్ము దులుపుకున్నట్టు చేతులు దులుపుకుని, "నేను ఆ మనిషిని కాను, నా పేరు ఫలానా" అని గట్టిగా చెప్పాలి. లేకపోతే అరువు తెచ్చుకున్న కష్టం ఇంటిదాకా వెంటబడుతుందని ఆయన భయం.

వేషాలు లేని రోజున నన్ను గుమ్మం దగ్గర వేసి, నా మీద ఒక ప్లాస్టిక్ బుట్ట పెట్టేవారు. లోపలికి వెళ్ళేవాళ్ళందరూ ఫోన్లు అందులో వదలాలి. సాయంత్రం దాకా వాటిని మొయ్యడం నా రెండో పని.

సువర్చల గారు ఆ తరగతులకు ఏళ్ళ తరబడి వచ్చిన సైకాలజిస్టు. కాలేజీ హాస్టళ్ళు ఎక్కువగా ఉండే పేటలో ఆమె క్లినిక్. తన వృత్తిలో దిట్టే కానీ వేషం వెయ్యడం మాత్రం బొత్తిగా చేతకాదు. ఒకసారి తాగుబోతు పాత్ర ఇస్తే, కౌన్సెలరు మీద కేకలెయ్యాల్సిన చోట "ఏమీ అనుకోకండి" అనేసింది. గదంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది, ఆమె కూడా నవ్వింది. నాకు ఆమె అంటే ఇష్టం. కూర్చునేటప్పుడు నెమ్మదిగా కూర్చునేది, లేచేటప్పుడు నన్ను సర్ది వెళ్ళేది.

ఒక వర్షాకాలం రోజున ప్రాణం మీద విరక్తి పుట్టిన మనిషిని ముందే ఎలా పసిగట్టాలో పాఠం చెప్పారు. వేషాలు లేవు. గుమ్మం దగ్గర బుట్ట మోస్తున్నాను. మధ్యాహ్నం నుంచి అడుగున ఉన్న ఒక ఫోను కొట్టుకుంటూనే ఉంది. ఆగుతుంది, కాసేపటికి మళ్ళీ వణుకుతుంది. నా ఒళ్ళంతా జివ్వుమనేది. ఇదేం గోలరా బాబూ, ఇంట్లో ఎవరికో తాళంచెవి దొరకలేదు కాబోలు అని విసుక్కున్నాను. లోపల సువర్చల గారు లేచి ఏదో సమాధానం చెప్పినట్టుంది, ఫణిభూషణం గారు ఆమెను తెగ మెచ్చుకుంటున్నారు. సాయంత్రం ఆమె ఆ అడుగు ఫోను తీసుకుని చూసింది. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి పరిగెత్తింది.

మళ్ళీ ఆమె ఎండాకాలంలో గానీ కనబడలేదు. మనిషి సగమైపోయింది. ఆ రోజు వేషాలున్నాయి. ఆమెను రోగిగా పిలిచారు, కౌన్సెలరుగా మెర్సీ అనే పిల్లను పిలిచారు. మెర్సీది టెక్కలి వైపు, లైసెన్సు చేతికొచ్చి ఏడాది కూడా కాలేదు. ఏం బాధ పడుతున్నారో చెప్పండని మెర్సీ పాఠంలో నేర్పినట్టే అడిగింది.

సువర్చల గారు నా చేతుల మీద చేతులు సర్దుకుంది. తర్వాత, నేనొక సైకాలజిస్టును అని మొదలుపెట్టింది. భలే పాత్ర ఎంచుకుందని వెనక వరసలో ఎవరో మెల్లిగా అన్నారు. తన దగ్గరికి ఒక కాలేజీ కుర్రాడు వచ్చేవాడని చెప్పింది. వాడికి బతుకు మీద ఆశ పోతే, మళ్ళీ కొద్దికొద్దిగా తెప్పించానని చెప్పింది. ఎప్పుడు కష్టమనిపించినా ఫోన్ చెయ్యి, నేను ఎత్తుతాను అని మాటిచ్చిందట. రోగి విషయం తన ఇంట్లోవాళ్ళతో కూడా చెప్పకూడదు కాబట్టి వాడు పోయాక ఎవరి దగ్గరా ఏడవలేదట.

"మాటిచ్చాను. వాడు నమ్మి చేశాడు. చేస్తూనే ఉన్నాడు," అంది సువర్చల గారు. "నా ఫోను బుట్టలో ఉంది."

ఆమె వేళ్ళు నా చేతులను ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే, గోళ్ళు పాలిష్‌లోకి దిగాయి. ఆ వానరోజు ఫోను వణుకు ఎవరిదో నాకు అప్పుడు తెలిసింది. నేను విసుక్కున్నది చావుబతుకుల మధ్య ఉన్న ఒక పిల్లవాడి మీద. కొయ్యను కాబట్టి ఏడవలేదు గానీ, ఏడవాలనిపించింది.

గదంతా చప్పట్లు కొట్టింది. తాగుబోతు వేషానికీ దీనికీ ఎంత తేడా అని ఆశ్చర్యపోయారు. మన రోజువారీ పనిలోంచే కథ అల్లడం గొప్ప ఆలోచన అన్నారొకరు. బుట్ట మాట దగ్గర ఆపిన తీరు చూడండి, అతి చెయ్యకుండా ఎంత పండించారో అని ఫణిభూషణం గారు పాఠంలా వివరించారు. ఎదుటి మనిషి కంటి రెప్ప కదిలితే లోపలేముందో చెప్పగలమని లైసెన్సులు పుచ్చుకున్నవాళ్ళు అందరూ! వాళ్ళందరినీ ఎత్తి మేడ మీదినుంచి పారేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

ఇక వేషం విడవండి అన్నారు ఫణిభూషణం గారు. సువర్చల గారు లేచి నిలబడింది. చేతులు దులుపుకోబోయి ఆగింది.

"నా పేరు సువర్చల," అంది. "ఇందాకటి మనిషిని కూడా నేనే."

చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్ళో పడిపోయాయి. ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఫణిభూషణం గారు టీకి వెళ్దామన్నారు. పాపం, ఆయన చెడ్డవాడు కాదు. ఆ క్షణంలో ఆయనకు గుర్తొచ్చింది అదొక్కటే. అందరూ తలలు దించుకుని బయటికి నడిచారు. సువర్చల గారు మళ్ళీ నా మీద కూలబడింది.

మెర్సీ వెళ్ళలేదు. కౌన్సెలరు కుర్చీలోంచి లేచి వచ్చి నేల మీద, ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. నేర్చుకున్న ప్రశ్నలేవీ అడగలేదు.

"బాబు పేరేంటి మేడం?" అంది.

"చెప్పకూడదమ్మా," అంది సువర్చల గారు. "వాడు నా పేషెంటు."

అప్పుడు వచ్చింది ఆమెకు ఏడుపు. మెర్సీ ఆమె పాదం మీద చెయ్యి వేసి ఉంచింది. బయట టీ కప్పుల చప్పుడు వినబడుతోంది. ఏడుపు కాస్త తగ్గాక మెర్సీ, పోన్లెండి, పేరొద్దు, ఎలా ఉండేవాడో చెప్పండి అని అడిగింది.

సువర్చల గారు కొంగుతో ముఖం తుడుచుకుంది.

"కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చునేవాడమ్మా. కాళ్ళు దించరా అంటే, ఇంట్లోనూ ఇదే మాట, ఇక్కడ కూడానా మేడం అనేవాడు."