మందు అడగని గరిక

ఊరొదిలి వలస వచ్చి పాండేసర మిల్లులో ఇరవై రెండేళ్లు బట్టల మీద అచ్చు వేసే రంగులు కలిపాను. మొదటి లాక్‌డౌన్‌లో మిల్లు మూసేశారు. తెరిచాక అందరినీ పిలిచారు, నన్ను తప్ప. తిరగ్గా తిరగ్గా ఒక అపార్ట్‌మెంట్ల సొసైటీలో తోటమాలి పని దొరికింది. పనితో పాటు గేటు పక్కన గది. ఆ గది పోకూడదని నేనూ నా భార్య వజ్రమ్మా అక్కడి లాన్‌కు ఊడిగం చేశాం. పొద్దునా సాయంత్రం నీళ్లు, యూరియా, కలుపు మందు. మందు కొట్టిన రోజు ఎవరూ తొక్కకుండా చుట్టూ తాడు.

రెండో ఏడు మే నెలలో తప్పు చేశాను. ఐదో తరగతిలో బడి మానేసినవాణ్ణి, బస్తా మీద రాసింది చదవలేదు. మిల్లులో రంగు ముద్దకు యూరియా ఎంత వేస్తారో నాకు కంఠతా వచ్చు. పది కిలోలకు కిలో. అదే పాళ్లలో నీళ్లలో కలిపి చల్లాను. నాలుగు రోజులకు లాన్ మొత్తం మాడిపోయింది.

సెక్రటరీ మనహర్ భాయ్ వచ్చి చూశాడు. దసరాకి పచ్చగా కనబడకపోతే గది ఖాళీ చేయమని హిందీలో చెప్పి వెళ్లాడు.

"ఏందయ్యా, గడ్డికి గూడ అచ్చు గొడ్దామనుకున్నవా?" అంది వజ్రమ్మ.

"జర ఊకో."

"ఊకుంట గని, గా గోడ దిక్కు జూడు. నీ మందు తగలని కాడ గరిక ఎట్లున్నదో."

అది ఏడాదిగా కలుపని నేను పీకి పారేస్తున్న గరికే.

"గరిక పెడ్తె సేఠ్ ఒప్పుకుంటడా?"

"ఆయనకు పచ్చగుంటె సాలు. గడ్డి పేరడుగుతడా?"

జూన్‌లో నాలుగు పెద్ద వానలు పడి మట్టిలోని యూరియాను కడిగేశాయి. గరిక తీగలను కణుపుల దగ్గర తెంపి జానెడేసి దూరంలో నాటాం. నేను గుంట తవ్వితే ఆమె పెట్టింది. వినాయక చవితికి నేల కనబడలేదు. సొసైటీ ఆడవాళ్లు పూజకు గరిక అక్కడే కోసుకున్నారు. అంతకుముందు మందు భయంతో బజారులో కొనేవాళ్లు.

దసరా ముందు మనహర్ భాయ్ చెప్పులు విడిచి గరిక మీద నడిచాడు.

"నీళ్లు ఎన్నిసార్లు?"

"వానలు లేనప్పుడు వారానికోసారి, సేఠ్."

"మందు?"

"అస్సలొద్దు."

"కోత?"

"నెలకోసారి." వజ్రమ్మ వెనక నుంచి నా చొక్కా లాగింది. ఏడాదిన్నరలో ఒక్కరైనా నన్ను మెచ్చుకోలేదు. ఆగలేకపోయాను. "దాని పని అదే జేస్కుంటది సేఠ్, మనిషే అక్కర్లేదు."

ఆయన సంతోషంగా తలాడించాడు. అయితే నెలకు రెండు రోజులు వస్తే చాలన్నాడు. గది కొత్త వాచ్‌మన్‌కు కావాలట.

సామాన్లు కట్టేటప్పుడు వజ్రమ్మ ఒక్క మాటే అంది. "గడ్డి నోరు మూస్కోని పెరిగింది. నీతోని గాలె."

ఇప్పుడు అదే ఊళ్లో లింబాయత్ బస్తీలో అద్దెకుంటున్నాం. నెలకు రెండు రోజులు వెళ్తాను. కోత అయ్యాక అక్కడ చేయడానికి పనేమీ ఉండదు. కాసేపు కూర్చుని వస్తాను.