గొడుగు దిగిన డాబా

గొడుగుల వీధికి తెల్లారేది ఆ ఇద్దరి పోట్లాటతోనే. ఒకరు గొడుగులకి గుడ్డ కుట్టే సూదక్క. రెండోవారు పక్కింట్లో ఊచలు సాగగొట్టే ఊచలాయన. ఇద్దరికీ నలభై దాటాయి, ఇద్దరికీ పెళ్ళి కాలేదు, ఇద్దరికీ ముక్కు మీదే కోపం.

"ఏమయ్యా, ఈ ఊచ కొస చూడు! నా గుడ్డని పొడవడానికే పెట్టావా?"

"అంత బిగించి కుడితే ఏ ఊచైనా పొడుస్తుంది. అది గొడుగా, డప్పా?"

ఈ ముచ్చట తీరాకే ఇద్దరూ టీ తాగి పనిలో కూర్చునేవారు. వీధిలో మగవాళ్ళందరినీ నోరారా అన్నయ్యా అని పిలిచే సూదక్క, ఈయన్ని మాత్రం ఒక్కనాడూ అలా పిలవలేదు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు, ఆవిడతో సహా.

ఈ వేసవిలో సూదక్క తమ్ముడికి పట్నంలో బస్సు డిపోలో ఉద్యోగం దొరికింది. వాణ్ణీ, ఆ తర్వాత వాడి పిల్లల్నీ పెంచింది ఆవిడే. "పండగ అవగానే బయల్దేరదాం అక్కా. నువ్వూ వస్తావుగా?" అని పెట్టెకి తాడు బిగిస్తూ అడిగాడు.

"నాదేముందిరా, నాకెక్కడైనా ఒకటే," అంది సూదక్క. అని లోపలికెళ్ళి సూదిలో దారం ఎక్కించబోతే, ఎప్పుడూ లేనిది, ఎంతకీ ఎక్కలేదు.

ఇక పండగ సంగతి. ముత్తాతల నాటి నుంచీ ఆ వీధికి అదే పేరు, అదే పని. ఏటా నడి వేసవిలో ఇంటికో ముక్క చొప్పున గుడ్డ కుట్టి, అన్నీ అతికి ఒకే ఒక్క మహా గొడుగు చేస్తారు. నాలుగు రోడ్ల కూడలిలో దాన్ని విప్పగానే, కర్ర పట్టుకున్న మనిషితో సహా అది గాల్లోకి లేస్తుంది. ఎక్కడ దిగితే అక్కడే ఆ పూట వీధంతటికీ భోజనాలు.

చిక్కల్లా ఏమిటంటే, అది కర్ర పట్టుకున్న వాళ్ళ మనసు ఎటుంటే అటే పోతుంది. ఒకసారి కొత్త పెళ్ళికొడుకు చేతికిస్తే తిన్నగా అత్తారి ఊరికి పోయింది, బండి కట్టించుకెళ్ళి తెచ్చుకోవాల్సొచ్చింది. ఇంకోసారి పంతులుగారికిస్తే ఆయన ఎటూ తేల్చుకోలేక సాయంత్రం దాకా కూడలి మీదే చక్కర్లు కొట్టారు. అందుకని ఏటా, వీధంతా భోజనం అవ్వ అని పిలిచే ముసలావిడకే ఇస్తున్నారు. ఆవిడకి తిండి తప్ప వేరే ధ్యాస లేదు. గొడుగు చక్కగా వంటపందిరి పక్కనే దిగేది.

ఈసారి అవ్వకి కొత్త పళ్ళు కట్టించారు. అవి నొప్పి పెట్టి, తిండి పేరెత్తితేనే ముఖం చిట్లిస్తోంది.

"సూదక్కకిద్దాం," అన్నారెవరో. "ఎక్కడైనా ఒకటే అనే మనిషి. ఎటు పొమ్మంటే అటు పోతుంది."

అందరికీ ఆ మాట బాగానే ఉందనిపించింది. సూదక్క కొంగు దోపుకుని కర్ర పట్టుకుంది. గొడుగు విచ్చుకుంది, కాళ్ళు నేల విడిచాయి.

"అన్నం తలుచుకో అక్కా, అన్నం!" అని కింద నుంచి కేకలు.

పాపం, ఆవిడ తలుచుకుంది. గుండిగలు, గరిటెలు, పొగలు కక్కే అన్నం, అన్నీ కళ్ళ ముందుకి తెచ్చుకుంది. గొడుగు వంటపందిరి దాకా వచ్చింది, దాని మీదుగా దాటిపోయింది, వీధి మొదట్లో మలుపు తిరిగి నింపాదిగా ఊచలాయన డాబా మీద దిగింది.

వీధంతా పండగలో ఉంటే, ఊచలాయన ఒక్కడే ఆ ఎండలో కూర్చుని, అప్పటికే తిన్నగా ఉన్న ఊచని ఇంకా తిన్నగా కొడుతున్నాడు.

"వంటపందిరి అటుంది," అన్నాడు తలెత్తకుండా.

"తెలుసు."

"మరి?"

"గాలి," అంది సూదక్క.

తీగ మీద ఆరేసిన చొక్కా అంచు కూడా కదలడం లేదు. ఊచలాయన చొక్కా వంకా చూశాడు, ఆవిడ వంకా చూశాడు.

ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని మళ్ళీ అన్నం తలుచుకుంది. లాభం లేదు. పట్నం తలుచుకుంది, తమ్ముడికిచ్చే కొత్త ఇల్లు తలుచుకుంది. గొడుగు గుడ్ల మీద కూర్చున్న కోడిలా కూర్చుంది.

ఈలోగా జనమంతా పరిగెత్తుకొచ్చి కింద మూగారు. "నాకెప్పుడో అనుమానమే!" అంటోంది అవ్వ. "వీధిలో అందరూ దీనికి అన్నయ్యలే. వీడొక్కడే కాదు!"

తమ్ముడు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. "అక్కా, నీకెక్కడైనా ఒకటే అన్నావు కదే?"

"అన్నాను."

"అబద్ధమా?"

"పెట్టెకి తాడు బిగిస్తూ అడిగితే ఎవరైనా ఏమంటారురా?"

తమ్ముడు పిట్టగోడ మీద కూలబడ్డాడు. చెమట తుడుచుకున్నాడు. నిన్నటిదాకా అన్నా అని పిలిచిన మనిషి వైపు తిరిగి, "మీరేమంటారు బావగారూ?" అన్నాడు.

ఊచలాయన చేతిలో సుత్తి జారి కిందపడింది. చొక్కా కోసం తడుముకుని, తీగ మీంచి లాగి తిరగేసి తొడుక్కున్నాడు. "నన్ను కాదు, ఆవిణ్ణి అడుగు," అన్నాడు. "ఈసారి ఖాళీ చేతులతో అడుగు."

తమ్ముడు లేచి, చిన్నప్పటిలా అక్క ఎదురుగా నిలబడ్డాడు. "నీకేం కావాలక్కా?"

ఆ ప్రశ్న ఇంతవరకూ ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

"ఇక్కడే ఉంటాను," అంది. "నువ్వెళ్ళి బాగుండు. నేను ఇక్కడే ఉంటాను."

గొడుగు తనంతట తానే ముడుచుకుని ఆవిడ భుజానికి ఆనుకుంది. కింద ఈలలు, చప్పట్లు. ఆ ఇరుకు మెట్ల మీదుగా గుండిగలు ఎక్కించేసరికి వంటవాళ్ళ తాతలు దిగొచ్చారు. డాబా చాలక జనం మెట్ల మీద కూడా వరసగా కూర్చుని తిన్నారు.

రెండ్రోజుల తర్వాత తమ్ముడి సామాన్ల లారీ కదిలింది. వాడు కిటికీలోంచి నడుం దాకా బయటికొచ్చి, "బావగారూ! మా అక్క కోపం సంగతి తెలుసుగా?" అని అరిచాడు.

పొద్దుటి పోట్లాటల్లో కూడా ఊచలాయన ఎన్నడూ అంత గట్టిగా మాట్లాడి ఉండడు.

"తెలుసు బామ్మర్దీ!" అన్నాడు, వీధి చివరిదాకా వినపడేలా.