పైకప్పుకు అంటుకున్న స్వరం

బస్సు ఏ ఊళ్లో ఆగినా వెల్డా ప్రూయిట్ చేసే మొదటి పని ఒకటే. కాఫీ కూడా ముట్టకుండా ఖాళీ థియేటర్‌లోకి వెళ్లి, వేదిక మధ్య నిలబడి నోరు తెరుస్తుంది. పోయినసారి ఆ ఊళ్లో పాడినప్పుడు పైకప్పుకు అంటుకుపోయిన ఆమె పై స్వరం, దూలం మీది పావురంలా దిగివచ్చి గొంతులో కూర్చుంటుంది. కచేరీలో దానితోనే పాడి, మళ్లీ కప్పుకే వదిలేసి బస్సెక్కుతుంది. డెబ్బై దాటాక ఆ ఎత్తు ఆమెకు సొంతంగా అందడం లేదు. స్వరం దిగేదాకా ఆగి, అప్పుడు బ్యాండువాళ్లు గిటార్లు శ్రుతి చేసుకుంటారు.

ఆ ఆదివారం పొద్దున పియోరియాలో ఏదీ దిగలేదు.

"ఇక్కడ కొత్త రంగు వాసనొస్తోంది," అంది వెల్డా పైకి చూస్తూ. "జనీన్!"

కచేరీలు కుదిర్చేది కూతురు జనీన్. ఫోన్లో గోల్డెన్‌రాడ్ థియేటర్ అనగానే సరేనంది. పాతది పడగొట్టి, అదే పేరుతో పక్క వీధిలో ఇంకోటి కట్టారని ఎవరూ చెప్పలేదు, తనూ అడగలేదు.

"నేనెన్నడూ పాడని చోటు ఒప్పుకుంటావా? నన్ను ఇంట్లో కూర్చోబెట్టాలని కావాలనే చేశావు కదూ!"

"కూర్చోబెట్టాలనుకుంటే ఎప్పుడో బస్సు టైర్లు కోసేదాన్నమ్మా."

"నా టైర్ల జోలికి రాకండి," అన్నాడు డ్రైవర్ క్లైడ్, డోనట్ నములుతూ.

మధ్యాహ్నం కచేరీకి అప్పుడే ముసలివాళ్లు చేతికర్రలతో లైను కట్టారు. వాళ్లొచ్చేది ఒక్క పాట కోసం, ఆ పాటలో ఆ ఒక్క ఎత్తు కోసం.

"ఇన్నేళ్లు పాడి, ఆ ఎత్తు అందక వాళ్ల ముందు నవ్వులపాలు కానా?" అంది వెల్డా.

జనీన్ తల్లి దగ్గరికి వచ్చింది. "నా దగ్గరొకటుంది."

ఆరేళ్లప్పుడు తను అమ్మమ్మ దగ్గర పెరుగుతుంటే, వెల్డా ప్రతి సాయంత్రం ఏదో ఊరి బస్‌స్టాండులో నాణేలు వేసే ఫోన్ నుంచి ఆ పాట పాడి నిద్రపుచ్చేది. ఒకనాటి స్వరం జనీన్ ఎడమ చెవిలో ఉండిపోయింది. తల ఆ వైపు ఆనిస్తే వినిపిస్తుంది. ఇప్పటికీ ఆ వైపే తిరిగి పడుకుంటుంది.

"అదిచ్చేస్తే నీకు నిద్రెలా పడుతుందే?"

"ముందు ఈ కచేరీ గట్టెక్కనీ." జనీన్ చెవిని తల్లి పెదవులకు ఆనించింది.

మధ్యాహ్నం ఆ స్వరం ఎంత పైకి లేచిందంటే, ముసలివాళ్లు టోపీలు తీసి గుండెలకు హత్తుకున్నారు. పాట అయిపోయింది. ఇన్నేళ్లూ స్వరానికి అంటుకుని ఉన్నది కూడా దాని వెనకాలే మైకులోకి వచ్చేసింది.

"అమ్మా, ఎప్పుడొస్తావు?" అంది ఆరేళ్ల గొంతు.

నాణెం జారిన చప్పుడు. తర్వాత పడుచు వెల్డా, హడావిడిగా: "ఆదివారం వస్తా తల్లీ, పడుకో."

చప్పట్లు ఆలస్యంగా మొదలయ్యాయి. వెల్డా ఆగలేదు. తెర పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడ్డ కూతురి దగ్గరికి నడిచి, ఎడమ చెవికి పెదవులానించి స్వరాన్ని తిరిగి పాడేసింది. కప్పుకు ఏమీ మిగల్చలేదు.

బయట ఇంకా ఎండ ఉంది. క్లైడ్ ఇంజను స్టార్ట్ చేశాడు.

"తర్వాతి కచేరీకి డబ్యూక్ దారేగా మేడమ్? అక్కడ పాత థియేటరే, నేనే కనుక్కున్నా. మీ స్వరం భద్రంగా ఉంటుంది."

"ఉండనీ, పావురాలకు తోడుగా." వెల్డా కూతురి పక్క సీట్లో కూర్చుంది. "క్లైడ్, ఇవాళ ఏ వారం?"

"ఆదివారం."

"అయితే ఇంటికి పోనీ."