ఇద్దరు ఆయతులు

ఆ ట్రై కొట్టింది నేనే. గొప్ప కోసం చెప్పడం లేదు, జరిగింది అదే. రగ్బీ లీగ్ అంటే పదమూడు మంది ఆట. ఆసియా నుంచి నాలుగు జట్లు పోటీపడితే ఒక్కటే పెద్ద టోర్నమెంటుకి వెళ్తుంది. చివరి మ్యాచ్‌లో రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. మూడు నిమిషాలు ఉందనగా బంతిని పొట్టకి హత్తుకుని, నడుం పట్టుకున్న ఇద్దరినీ ఈడ్చుకుంటూ గీత దాటి నేలకి ఆనించాను. అదే ట్రై, నాలుగు పాయింట్లు. మన దేశం క్వాలిఫై అయింది.

మా కోచ్ ప్రమీలారాణి అక్క పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుని ఏడ్చింది. కిరండూల్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన మనిషి. దోర్నపాల్ సంతలో ఇప్పపువ్వు బస్తా మోస్తున్న నన్ను చూసి ఆటలోకి లాక్కొచ్చింది తనే. మా ఊరొచ్చినప్పుడల్లా నాయనమ్మ చేతి చింతచిగురు కూర తినేది. నా పేరు ఆయతి, నాయనమ్మ పేరూ అదే. మావాళ్లలో ముసలివాళ్ల పేర్లు మనవలకి పెడతారు. అందుకని అక్క మమ్మల్ని పెద్దాయతి, చిన్నాయతి అనేది. ఎప్పుడు ఫోన్ చేసినా, పెట్టేముందు "పెద్దాయతి బాగుందేటి?" అని అడిగేది.

పెద్ద టోర్నమెంటుకి ఆధార్ ఒక్కటే చాలదన్నారు. పుట్టుక కాగితం ఉండాలి, లేదా తల్లిదండ్రులో తాతా నాయనమ్మలో ఇక్కడ పుట్టినట్టు రుజువుండాలి. ఆ రూలుతోనే సిడ్నీలో పెరిగిన అమ్మాయిలు కూడా మన జట్టులోకి రావచ్చు. రానీ, నాకేం? నేను ఇంట్లోనే పుట్టాను. అమ్మానాన్నా నా చిన్నప్పుడే పోయారు. మిగిలింది నాయనమ్మ పేరున్న రేషన్ కార్డు. ఒకే పేరు రెండుసార్లు పడిందనుకుని గుమాస్తా అందులో ఒక ఆయతిని కొట్టేశాడు. దాంతో నాకో నాయనమ్మ ఉన్నట్టే కాగితం మీద లేదు.

"ఇద్దరున్నారని నేను రాసిస్తాను కదేటి, గాభరా పడకు," అంది అక్క. నేను పడలేదు. బుద్ధిలేనిదాన్ని.

జట్టు పేర్లు వచ్చాయి. నాది లేదు. నా చోట అక్క అన్న కూతురు శాంతిప్రియ ఉంది, సిడ్నీ పిల్ల. అక్క తల్లి అప్పలకొండమ్మగారే ఆ పిల్లకి నాయనమ్మ. రైల్వే కాగితాల్లో ఆవిడ పుట్టిన ఊరు స్పష్టంగా ఉందట.

నా దరఖాస్తు తిప్పి పంపుతూ ఆఫీసువాళ్లు అక్క రాసిన ఉత్తరం నకలు జతచేశారు. హిందీలో రెండే లైన్లు. ఈ కుటుంబంతో నాకు పెద్దగా పరిచయం లేదు. ఆ పేరుతో ఇంట్లో ఇద్దరున్నట్టు నాకు తెలియదు.

ఓడిపోయి ఉంటే ఇంత మండేది కాదు. నా ఎదురుగా వచ్చి నీ చోటు ఇవ్వమ్మా అని అడిగినా ఇచ్చేసేదాన్నేమో. కంచంలో కూర వడ్డించిన మనిషినే లేదని రాసింది.

వారం తర్వాత తనే ఫోన్ చేసింది.

"నామీద కోపమేటే?"

"ఉత్తరం చదివిన అక్కా."

"మా అన్నయ్య ఒకటే పోరమ్మా. ఒక్క ముక్క రాస్తే నీకేటి పోతుందన్నాడు. వచ్చేసారి నువ్వే. నాది పూచీ."

"గెలిపిచ్చింది నేను గద అక్కా. ఆమె ఎట్ల పోతది? ఇదేం నాయం?"

"అర్థం చేసుకోవే తల్లీ."

నాయనమ్మ ఎదురుగానే కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఫోన్లో ఎవరో గొంతు బట్టి పోల్చుకుంది. కూరకి రమ్మని చెప్పవే అని నాకు చేత్తో సైగ చేసింది.

"సరే, ఉంటాను మరి," అంది అక్క. ఆ తర్వాత అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. "పెద్దాయతి బాగుందేటి?"

"ఎవరక్కా ఆమె?" అన్నాను.