ఎలిశిబా చాట

పెర్సిస్ కిటికీ తెరుస్తోంది, ఎలిశిబా ఒళ్లోని చాట పక్కన పెట్టి లేచి మూస్తోంది. పొద్దుటి నుంచీ ఇదే తంతు.

“జర గాలి రానియ్యి అత్తమ్మా. పిల్ల ఒకతీరుగ దగ్గుతుంది.”

“గాలొస్తె తంబాకు లేస్తది. ఆకు ఎండి, చుట్టంగనే పలుగుతది. నీకెన్నిసార్లు చెప్పాలె?”

“బీడీల మీదున్న ప్రేమ మనుమరాలి మీద లేకపాయె!”

“నీ మొగుడు గీ చాట పక్కన పండే పెరిగిండు. ఏమైంది వానికి? దున్నపోతు లెక్కున్నడు.”

పెర్సిస్‌కు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఉయ్యాల ఊపింది. అందులో ఆశ్రిత నిద్రలోనే మళ్లీ దగ్గింది.

చర్చికి పోయే దారిలోని ఆ పాత బిల్డింగులో నాలుగు పోర్షన్లు, నడుమ ఒకటే నడవ. మధ్యాహ్నం అయితే పక్క పోర్షన్ ఇందిరమ్మ, మిగతా ఆడవాళ్లు తమ చాటలు తెచ్చుకుని అక్కడ కూర్చునేవాళ్లు. ఫ్యాను వేయకూడదు, కిటికీలు తీయకూడదు అన్నది ఎలిశిబా పెట్టిన కట్టడి. ఎవరూ కాదనేవాళ్లు కాదు. ఆమె బీడీకి కార్ఖానాలో అంత పేరు. ఆ బీడీ నడుము సన్నగా, మూతి ముడత గట్టిగా, దారం బిగువుగా. పరీక్షించే మనిషి అందరి కట్టలూ విప్పుతాడు, ఆమెవి మాత్రం అలాగే పక్కన పెడతాడు. భర్త మోషే పోయాక కొడుకు గిడియోన్ చదువూ, పెళ్లీ, ఇంటి కిరాయీ అన్నీ ఆ చాటలోంచే వచ్చాయి. మెడ ముందుకు వంగిపోయింది. వేళ్ల కొసలు ఎంత రుద్దినా తెల్లబడవు.

ఆదివారం మనుమరాలి బాప్తిస్మం. తలుపు వెనక మేకుకు తగిలించిన తెల్ల గౌను ఎండలో వేద్దామని ఎలిశిబా దాబా మీదికి తీసుకుపోయింది. ఆరేసే ముందు అలవాటుగా ఒక్కసారి దులిపింది.

గౌనులోంచి సన్నటి గోధుమరంగు పొడి లేచి ఎండలో మెరిసింది. ఎలిశిబా తుమ్మింది. తంబాకుకు తను తుమ్మి ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు. మళ్లీ దులిపింది. మళ్లీ పొడి. ఇంకా పిల్ల ఒంటి మీదికి ఎక్కని గౌను.

కిందికి వచ్చి తలుపు తోయగానే పరాయి ఇంట్లోకి వచ్చినట్టు ఘాటు ముక్కుకు కొట్టింది. నేరుగా పోయి కిటికీ రెండు రెక్కలూ తెరిచింది. చాటలోని తంబాకు చెదిరి నేలంతా పడింది. ఆమె చెయ్యి అడ్డం పెట్టలేదు.

గిడియోన్ ఆటో నిలిపి వచ్చాక ముగ్గురూ అన్నాలకు కూర్చున్నారు.

“ఇనుండ్రి ఇద్దరు. ఇగ బీడీలు చెయ్య. మిగిలిన ఆకు, తంబాకు రేపు వాపసిచ్చొస్త.”

గిడియోన్ పెళ్లాం వైపు చూశాడు.

“ఆమె దిక్కు జూడకు. ఎవ్వలు ఏమనలె. ఇన్నేండ్లల్ల నా బీడీ ఒక్కటి వాపస్ రాలె, గది యాదుంచుకో. నేనే బంద్ వెడుతున్న. ఇందిరమ్మోళ్లకు గూడ చెప్పిన, నడవల వద్దు, దాబా మీద రేకుల కింద కూసోండ్రి అని.”

“మరి నువ్వేం జేస్తవ్ అత్తమ్మా?” పెర్సిస్ గొంతు మెత్తబడింది.

“పిల్లను వట్టుకుంట. నువ్వు మళ్ల కుట్టు దుకాణానికి పో. పచ్చిపులుసు ఇటియ్యి.”

కడిగిన చాట తెరిచిన కిటికీకి ఆనించి ఆరుతోంది. దాని నడుమ తంబాకు రంగు మాత్రం పోలేదు.